పెన్‌బరీ వారి ఆరు మలుపులు

వాంపనోగ్ మనిషిని వాంపనోగ్ మనిషిలా కనిపించేట్టు చెయ్యడానికి మిసెస్ లోథ్రప్‌కి అర డబ్బా గోధుమరంగు పూత ఖర్చయింది. ఊరి హాల్లో ముక్కాలిపీట మీద ఎబెన్ వెబ్‌క్విష్ కూర్చుని ఉన్నాడు. ఆ తీరంలో మొదటి నుంచీ ఉన్న వాంపనోగ్ ఆదివాసి తెగవాడు, డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, బాప్టిస్టు చర్చి పెద్ద. ఆయన బుగ్గల మీద, మెడ మీద ఆవిడ స్పాంజితో రంగు అద్దుతోంది. రెండడుగులు వెనక్కి వెళ్లి చూస్తుంది, చాలలేదని మళ్లీ అద్దుతుంది.

"తల ఇంకొంచెం ఎత్తు ఎబెన్. చెవుల వెనక తెల్లగా ఉండిపోయింది."

"అది తెలుపు కాదమ్మగారూ, సబ్బు. పొద్దున స్నానం చేశాను."

ఆయన కూతురు లిడియా కిటికీ దగ్గర కూర్చుని టర్కీకోడి ఈకలకు ఎర్రరంగు వేసి, పట్టీకి కుడుతోంది. నలభై రెండేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా ఆ హాలు ఊడ్చేదీ తుడిచేదీ ఆమే. ముప్పైతొమ్మిది ఈకలయ్యాయి. యాభై కావాలని మిసెస్ లోథ్రప్ ఆజ్ఞ.

"ఈకల కిరీటం మావాళ్లది కాదండీ," అన్నాడు ఎబెన్. "అది పడమట మైదానాల వాళ్లది. ఇక్కడికి రెండు వేల మైళ్లు."

"చూసేవాళ్లకి నువ్వెవరో తెలియొద్దూ? కిరీటం లేకపోతే నిన్ను చూసి గుర్రబ్బండివాడనుకుంటారు."

ఆ వయసు వరకూ ఎబెన్ తోలింది గుర్రబ్బండే.

పెన్‌బరీ ఊరు పుట్టి శనివారానికి మూడు వందల ఏళ్లు. ఆ సందర్భానికి అమెరికా చరిత్రనంతా ఆరు మలుపులుగా కోసి, ఒక్క మధ్యాహ్నంలో ఏటి ఒడ్డు మైదానంలో ఆడించాలని మిసెస్ లోథ్రప్ రెండేళ్లుగా నిద్ర మానుకుంది. ఓడ దిగి భూమి పుచ్చుకోవడం మొదటి మలుపు. తర్వాత రాజు పన్ను కట్టమని తేయాకు సముద్రంలో ఒలకబొయ్యడం, తిమింగలాల ఓడలు, బానిసల విడుదల. ఆ బానిసల్లో ఒక్కడైనా నల్లవాడు లేడు, బ్యాంకు ఉద్యోగులు మసి పూసుకున్నారు. ఆపైన పెద్ద యుద్ధం. చివరి మలుపు కరెంటు. దానికి బడిపిల్లలు పల్చటి తెల్లగుడ్డలు కట్టుకుని దీపాల్లా గంతులు వేస్తారు. ఈ ఆరింటిలోనూ పెన్‌బరీ వాళ్లు తప్పు చేసిన మలుపు ఒక్కటీ లేదు. అంత చరిత్రలో ఒక్క తప్పు కూడా దొరక్కుండా ఏరాలంటే చేతికి మంచి జల్లెడ ఉండాలి, ఆవిడకి ఉంది.

"నీకు ఒకే ఒక్క మాట," అంది మిసెస్ లోథ్రప్. "చెయ్యెత్తి పలకరింపుగా 'హౌ' అను. తర్వాత దస్తావేజు కింద ఇంటూ గుర్తు పెట్టు. అంతే."

"పేరు రాస్తానండీ. నాకు రాయడం వచ్చు."

"అయ్యో, రాయకు! అంతా పాడైపోతుంది."

ఎబెన్ కూతురి వైపు చూశాడు. లిడియా తలెత్తకుండా నలభయ్యో ఈక కుట్టింది.

ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు దారి పొడవునా ఎబెన్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. రంగు రుమాలుకు అంటింది గానీ మెడను వదల్లేదు.

"ఒప్పుకోమన్నావు, ఒప్పుకున్నాను. ఈ కోతి వేషం నాకెందుకే? పది రోజులు జైల్లో కూర్చున్నప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు."

"శనివారం దాకా ఓర్చుకో నాన్నా."

"శనివారం ఏం ఊడిపడుతుంది?"

"చేపలు," అంది లిడియా.

ఏప్రిల్లో హెర్రింగు చేపలు సముద్రం వదిలి ఏరు ఎదురెక్కుతాయి. వాటిని వలతో తోడి, ఉప్పు రాసి, కళ్లలోంచి పుల్లకు గుచ్చి, పొగబెట్టి దాచుకుంటే చలికాలమంతా ఇంట్లో తిండి ఉన్నట్టే. వెబ్‌క్విష్‌లు పెన్‌బరీ పుట్టకముందు నుంచీ చేస్తున్న పని అది. కానీ ఏటి హక్కును ఊరి సభ ఏటా వేలం వేస్తుంది. ఏటా ఫోస్టర్ క్రోకరే పాడుకుంటాడు. ఊరి పాలక మండలికి పెద్ద ఆయనే. అందుచేత ఆయన మీద పోటీకి పాడే మగవాడు ఊళ్లో లేడు. ఆ చేపల్ని పీపాల్లో కుక్కి లాబ్‌స్టర్ పెద్దరొయ్యల బోనుల్లోకి ఎరగా అమ్ముతాడు. మనుషులు తినే చేపను ఎరగా వాడటం ఆయనకి తెలివి, ఆ ఎరలో ఒక బకెట్టు ఎబెన్ తోడుకుంటే దొంగతనం.

ఈ ఏప్రిల్లో ఎబెన్‌ను పట్టుకున్నారు. కేసు ఇదే హాల్లో జరిగింది. లిడియా నాయనమ్మ ఏటేటా తొలిచేప పడ్డ రోజున ఏటి ఒడ్డున నిలబడి ఒక మాట వల్లించేది. భూమి ఇచ్చిననాడు చేపను ఇవ్వలేదని, అది కాగితంలో రాయించుకున్నారని. ఎబెన్ ఆ మాటే కోర్టుకు చెప్పాడు. మేజిస్ట్రేటు కుర్చీలో వెనక్కి తిరిగి, గోడ మీద అద్దంలో వేలాడుతున్న ఆనాటి భూమి దస్తావేజును కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"చేప అన్న మాటే లేదయ్యా ఇందులో. ముసలమ్మల కబుర్లకి చట్టం ఏం చేస్తుంది?"

వెనక బెంచీలో క్రోకర్ నవ్వాడు. జుల్మానా కట్టనని ఎబెన్ పది రోజులు లోపల కూర్చున్నాడు. ఆయన వల కానిస్టేబుల్ బర్జెస్ గదిలో కొక్కేనికి వేలాడుతోంది.

ఉత్సవం అని మొన్న ఆగస్టులో దస్తావేజు చట్రం దింపించారు. వెనకాల బూజు దులుపుతుంటే లిడియాకి అట్ట సందులోంచి తోలుకాగితం అంచు కనిపించింది. ఒక పొర కాదు, మూడు పొరలు. నడిమికి మడిచి, కుచ్చిళ్లలా లోపలికి తోసి ఉంది. చట్రం కొసన ఎవరో తాత పేరు చెక్కి ఉంది. ఆ తాత బొమ్మ చెదలు తినేస్తే చట్రం మిగిలింది. కొత్త చట్రం కొనడం దండగని దస్తావేజునే చట్రం కొలతకు మడిచారు. చెప్పు కొలతకు కాలు కోసుకోవడం వేరే ఊళ్లలో సామెత, పెన్‌బరీలో పొదుపు. పైన ఊరి పెద్దల పేర్లు, కింద సంతకాలు కనిపిస్తున్నాయి, నడుమ గీతను పాత తోలు ముడత అనుకున్నారు. అరవై ఏళ్లు అట్లాగే చూసి తరించారు.

లిడియా ఎవరికీ చెప్పలేదు. చెబితే సాయంత్రానికి అది క్రోకర్ ఇంటి పొయ్యిలో ఉంటుంది. దాన్ని పదిమందిలో విప్పాలి, ఊరు నమ్మే నోటితో చదివించాలి.

అటువంటి నోరు పెన్‌బరీలో ఒక్కటే ఉంది. ఇసాకర్ స్నోది. ముప్పైరెండేళ్లుగా ఊరి సభకు సభాపతి. సభ ముందుకొచ్చిన ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ బయటికి చదవడం ఆ ఊరి ఆచారం, ఆ ఆచారానికి స్నో కాపలాదారు. ఒక మార్చి సభలో కప్పు మీద పొగగొట్టం అంటుకుంటే, బకెట్లు అందించండని కేకలు వేస్తుంటే, ఆయన రోడ్డు హద్దుల వివరం పద్నాలుగు పేజీలు పూర్తిచేసే దిగాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నాటకంలో దస్తావేజు చదివే వేషం ఆయనకే ఇచ్చారు.

గురువారం ఆయన హాల్లో గొంతు సవరించుకుంటూ తిరుగుతుంటే లిడియా బల్లలకు మైనం రుద్దుతోంది.

"స్నోగారూ, మీకు శ్రమ తప్పిందటండీ."

"ఏం శ్రమ?"

"మిసెస్ లోథ్రప్ గారన్నారు, మూడు వాక్యాలు చదివి చెయ్యి ఊపేస్తారటగా. మిగతాది జనం వినరటండీ. ఎండ కూడాను."

స్నో మెడ ఎర్రబడింది. కోటు గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"చెయ్యి ఊపుతానా? నేను? ముప్పైరెండేళ్లలో ఒక్క కామా మింగలేదు నేను!"

"నాకేం తెలుసండీ, ఊడ్చేదాన్ని. రెండు వరసల పద్యం రాసిచ్చారట కూడా. అది చదివినా సరిపోతుందని."

"పద్యమా! అసలుది ఉంటే నకలు చదవడానికి నేనేం పిట్టల దొరనా? అసలు దస్తావేజు తెప్పించమను. నా చేతికివ్వమను."

"ముందే ఒకసారి చూసుకుంటారాండీ?" అనడిగింది లిడియా. చూసుకుంటానంటే అంతా మంటగలిసినట్టే.

స్నో ఆమెను జాలిగా చూశాడు. "ముందే చదువుకుని వచ్చేవాడు నటుడు. సభలో చదివేవాడు సభాపతి. గుర్తుపెట్టుకో."

లిడియా గుర్తుపెట్టుకుంది.

మిసెస్ లోథ్రప్‌ను దారికి తేవడానికి అంత మాట కూడా ఖర్చు కాలేదు. అద్దంతో సహా తీసుకువెళితే ఎండకి తళతళలాడుతుందనీ, గవర్నరు తరఫున వచ్చే పెద్దమనిషికి కిటికీ తలుపు మోసుకొస్తున్నట్టు కనిపిస్తుందనీ అంది లిడియా. మిసెస్ లోథ్రప్ ఆ మాట విననట్టే వెళ్లిపోయింది. అరగంటకి తిరిగొచ్చి, తనకో గొప్ప ఆలోచన వచ్చిందని, దస్తావేజును చట్రంలోంచి తీసి చుట్టగా చుట్టి నీలం రిబ్బను కట్టాలని చెప్పింది.

"అబ్బ, ఎంత బాగుందండీ," అంది లిడియా.

శుక్రవారం మధ్యాహ్నం పటకారుతో వెనక మేకులు ఒక్కొక్కటే లాగి, అట్ట తీసింది. తోలుకాగితం మడతలతో సహా బిగుసుకుని ఉంది. విప్పి చూడాలని వేళ్లు లాగాయి. నాయనమ్మ చెప్పింది నిజమో కాదో ఇప్పుడే తేలిపోతుంది. లేకపోతే? మడతలో ఏవో పొలం హద్దులే ఉంటే? రేపు తండ్రి ఈకలు పెట్టుకుని వెయ్యిమంది ముందు నిలబడి ఉత్తినే నవ్వులపాలవుతాడు.

తలుపు చప్పుడైంది. ఫోస్టర్ క్రోకర్ లోపలికొచ్చాడు. నాటకంలో, అదే పేరున్న తన పూర్వీకుడు, ఓడ దిగిన మొదటి ఫోస్టర్ క్రోకర్ వేషం ఆయనదే. పొడుగు టోపీ, కుచ్చుల మెడపట్టీ చొక్కా చేతిమీద వేసుకున్నాడు. లిడియా మడత విప్పకుండానే కాగితాన్ని చుట్టేసి రిబ్బను బిగించింది.

"చిరుగుతుంది, జాగ్రత్త. అది మా తాతలు సంపాదించిన ఆస్తి."

"మా తాతల సంతకం కూడా ఉంది కదండీ."

"సంతకమా?" క్రోకర్ టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "రెండు గీతలు. మా కోడిపెట్ట గీకుతుంది అంతకంటే వంకర లేకుండా." టోపీని కాస్త వాల్చాడు. "మీ నాన్నకి చెప్పు, రేపు కిందపడకుండా నిలబడమని. కిరీటం బరువటగా."

లిడియా మేకులు ఏరి డబ్బాలో వేసింది, పదకొండు.

శనివారం ఎండ బాగా కాసింది. ఏటి ఒడ్డున బల్లలు వేశారు. పన్నెండు వందల మంది వచ్చారు. గవర్నరు తరఫు పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని, క్లామ్ ఆల్చిప్పల పులుసు రెండు గిన్నెలు తాగి, బ్యాండు మొదలవగానే కునుకు తీశాడు. చెక్క పడవ ఒకటి పైపుల మీద దొర్లుకుంటూ వచ్చింది. అందులోంచి క్రోకర్ దిగి, మోకాళ్ల మీద కూర్చుని ఆకాశం వైపు చూశాడు. ఆ మోకాళ్లు దేవుడికి వంగినవి కావని ఊరందరికీ తెలుసు, అయినా చప్పట్లు కొట్టారు.

ఎబెన్ చెట్టు చాటు నుంచి వచ్చాడు. ఈకలు యాభై. ఎవరో కుర్రాళ్లు నోటి మీద అరచెయ్యి కొట్టుకుంటూ వూవూ అని కూశారు. ఆయన చెయ్యెత్తాడు, ఆ ఒక్క మాటా అన్నాడు. క్రోకర్ ఆయనకి భూమి ధర కింద రాగి కెటిలు ఒకటి చూపించి, ఇవ్వబోతున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. దస్తావేజు చదివాకే ఇవ్వాలి.

బల్ల వారన లిడియా రిబ్బను విప్పి దస్తావేజును స్నో చేతికిచ్చింది. అరవై ఏళ్ల మడత ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు తెరుచుకుని, స్నో మోకాళ్ల దాకా జారింది. ఇంత పొడుగుందేమిటని ఆయన ఒక్క క్షణం చూశాడు. పొడుగు చూసి ఆయన ముఖం వికసించింది.

గంట కొట్టినట్టుండే గొంతు. ఏటి అవతల ఆవులు కూడా తలెత్తాయి. ఆరుగురు ఊరి పెద్దల పేర్లు, వాళ్ల గొప్పలు, ఉత్తరం గుట్ట, దక్షిణం ఉప్పుచిత్తడి, అన్నీ చదివాడు. జనం విసనకర్రలు విసురుకుంటున్నారు. స్నో కళ్లు మడత గీత దాటాయి.

"అయితే సదరు భూమిని ఇచ్చుచున్న మేము, మా మనుషులు, మా పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, నీరు పారినంత కాలము..."

లిడియా బల్ల అంచు పట్టుకుంది. ఎబెన్ పెదవులు కదిలాయి. స్నో కంటే ఒక్క మాట ముందే కదులుతున్నాయి.

"...ఏటికి ఎదురెక్కు చేపను ఏ మలుపు వద్దనైనను, ఏ వలతోనైనను, ఎవరి అనుమతియు అడుగక, ఎవరికిని ఏమియు చెల్లింపక పట్టుకొను హక్కును మాయొద్దనే ఉంచుకొంటిమి."

స్నో గొంతు ఇక్కడ కాస్త వెనకాడింది. తానేం చదువుతున్నాడో ఆయనకి అర్థమైంది. క్రోకర్‌కి ఇంకా బాగా అర్థమైంది. కెటిలు పట్టుకున్న చెయ్యి పక్కకి వాలింది. కానీ పొగగొట్టం అంటుకున్నా ఆగని మనిషి చేపకి ఆగుతాడా? స్నో ఊపిరి పీల్చుకుని గొంతు ఇంకా పెంచాడు.

"దీనిని అడ్డగించువాడు ఈ భూమిని దొంగిలించినవానితో సమానుడు. దీనికి మేము ఉభయులము సమ్మతించితిమి."

సంతకాలు కూడా చదివాడు. చదవడం అయిపోయింది. కాగితం చదవడం అయిపోగానే ముప్పైరెండేళ్లుగా ఆయన నాలుక ఏ దారిన వెళుతుందో ఆ దారినే వెళ్లింది.

"విన్నారు. సమ్మతించేవారు అవునని చెప్పండి."

పన్నెండు వందల గొంతులు. మార్చి సభల్లో అలవాటైన గొంతులు, నాటకం మధ్యలో తమకూ ఒక మాట దొరికిందన్న హుషారుతో, మైదానం దద్దరిల్లేలా "అవును!" అన్నాయి. గవర్నరు తరఫు పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, ఆయన కూడా అవునన్నాడు.

"కాదనేవారు?"

క్రోకర్ పొడుగు టోపీలో, కెటిలుతో, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చివరికి నోరు తెరిచాడు. "స్నో! ఇది నాటకమయ్యా!"

"సభ్యులొకరు సభాపతి అనుమతి లేకుండా మాట్లాడారు," అన్నాడు స్నో. "కాదన్నవారు లేరు. అవునన్నవారిదే నెగ్గింది." పిడికిలితో బల్ల మీద గుద్దాడు. జనం ఇంకా గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టారు. క్రోకర్ అంత బాగా నటిస్తాడని వాళ్లకి అప్పటిదాకా తెలియదు.

మిసెస్ లోథ్రప్ తెర చాటు నుంచి చేతులు ఊపుతోంది. ఎబెన్ కలం అందుకుని, సంతకానికని వేరేగా పెట్టిన తెల్లకాగితం మీదికి వంగాడు.

"ఇంటూ! ఇంటూ!" అని ఆవిడ గుసగుసగా అరిచింది.

"ఆ గుర్తు పెట్టినవాళ్లు పోయారమ్మగారూ," అన్నాడు ఎబెన్. పేరు మొత్తం రాశాడు. కిరీటం తీసి కాగితం మీద బరువుగా పెట్టి, కెటిలు పుచ్చుకోకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున లిడియా హాలు తుడుస్తుంటే కానిస్టేబుల్ బర్జెస్ వచ్చాడు. చేతిలో వల ఉంది. గుమ్మంలోనే నిలబడి టోపీ నలుపుకున్నాడు.

"క్రోకర్ గారు నన్ను మెచ్చుకోరు. కానీ లిడియా, నేనూ అన్నాను, అవునని. మా ఆవిడ పక్కనే ఉంది, పిల్లలు ఉన్నారు. ఈ వల నా గదిలో వేలాడుతుంటే రోజూ పొద్దున్నే నా గొంతే నాకు వినిపిస్తోంది. తీసుకుపో."

"రాబోయే ఏప్రిల్లో మళ్లీ పట్టుకుంటావా?"

"నాకేం తెలుసు? కోర్టేమంటుందో."

"కోర్టు గోడనడుగుతుంది," అంది లిడియా. "పోయినసారీ గోడనే అడిగింది."

బర్జెస్ వెళ్లాక ఎక్కువసేపు గడవలేదు. క్రోకర్ వచ్చాడు. బల్ల మీద పరచి ఉన్న దస్తావేజు వైపు చూడలేదు, చూస్తే ఆ నడిమి వాక్యాలు మళ్లీ కనిపిస్తాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు.

"శనివారం జరిగింది తమాషా. దాన్ని ఎవరూ ఎక్కడా రాయరు. ఆ కాగితాన్ని ముందెలా ఉందో అలా మడిచి చట్రంలో పెట్టు. మేకులు గట్టిగా కొట్టు. మధ్యాహ్నం వచ్చి చూస్తాను."

"కొత్త చట్రం చేయిద్దామాండీ? మడత లేకుండా పట్టేస్తుంది."

"దండగ. ఉన్నది బాగానే ఉందిగా!"

"అలాగేనండీ."

ఆయన వెళ్లాక లిడియా చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, తోలుకాగితాన్ని చట్రంతో కొలిచింది. పన్నెండు వరసలు లోపలికి తోయక తప్పదు. ఏ పన్నెండన్నది చట్రం చెప్పదు. పైనున్న పెద్ద ముద్రనీ శీర్షికనీ వదిలేసి, కిందికి లెక్కపెట్టింది. ఊరి పెద్దలు ఆరుగురు, వాళ్ల ఇంటిపేర్లు, వాళ్ల దైవభక్తి, మూడో వరసలో ఫోస్టర్ క్రోకర్, అన్నీ కలిపి సరిగ్గా పన్నెండు. వాటిని కుచ్చిళ్లలా మడిచి, వెనక్కి తోసి, బొటనవేలితో గీత దిద్దింది. మధ్యలో పాత తోలు ముడతలాంటి గీత ఒకటి మిగిలింది. దాని కింద, అద్దానికి అతుక్కుని, కంటికి సరిసమానంగా చేప నిలబడింది. పదకొండు మేకులూ కొట్టి, చట్రం గోడకి తగిలించి, అద్దం మీద తన వేలిముద్రలు తుడిచేసింది.

మధ్యాహ్నం క్రోకర్ గుమ్మం దాటి రాలేదు. అక్కడి నుంచే తల వంచి చూశాడు. చట్రం ఉంది, అద్దం ఉంది, మధ్యలో మడత గీత ఉంది.

"మడిచే పెట్టావుగా?"

"అవునండీ," అంది లిడియా.

ఆయన తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు. లిడియా బకెట్లో నీళ్లు పారబోసి, వల భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరింది. వలలో నాలుగు కళ్లు తెగి ఉన్నాయి. అవి అల్లడానికి ఏప్రిల్ దాకా వ్యవధి ఉంది.